పన్నెండు నిమిషాల నిశ్శబ్దం

అక్క సంచిలో ముందు తువ్వాలు పరిచింది. దానిమీద రెండు చొక్కాలు, ఒక లుంగీ, దువ్వెన. అడుగున ఒక మూలకి తమ్ముడు తనే ఒక ప్లాస్టిక్ సీసాని గుడ్డలో చుట్టి దోపాడు.

"దీన్ని మాత్రం కదపకు అక్కా. మూత తియ్యకు. ఎవరడిగినా ఇంట్లో ఏమీ లేదను."

"ఏముంది రా అందులో?"

"మంగళవారం నాటి మురుగు."

"ఛీ! చొక్కాల మధ్యనా?"

"ఆ చొక్కాలకంటే ఇదే ముఖ్యం. బస్సు ఎనిమిదీ పదికి కదా? ఏడున్నర రీడింగు చూసి వచ్చేస్తా. టిఫిన్ డబ్బా కట్టి ఉంచు."

అతను చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. క్వార్టర్‌కీ అతను పనిచేసే మురుగు శుద్ధి ప్లాంటుకీ మధ్య ఒక ముళ్ళకంచె, వంద అడుగుల నేల. అప్పుడు ఉదయం ఏడు కావస్తోంది, గురువారం.

టిఫిన్ డబ్బా కట్టి వచ్చి ఆమె సంచి జిప్పు సగం లాగింది. అప్పుడే ప్లాంటు మిషన్ చప్పుడు ఆగిపోయింది.

పదకొండేళ్ళుగా పగలూ రాత్రీ వినిపించే ఆ హోరు ఆగేసరికి చెవుల్లో దూది కుక్కినట్టయింది ఆమెకి. జిప్పు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. కరెంటు పోయిందేమోనని తలెత్తి చూసింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, రేడియో పాడుతూనే ఉంది. "మిషన్ తుడుస్తున్నాడేమో" అనుకుంది. రేడియోలో ఏడున్నర వార్తలు మొదలవుతుండగా హోరు మళ్ళీ అందుకుంది. హమ్మయ్య అనుకుని జిప్పు పూర్తిగా లాగి, సంచి గడప దగ్గర పెట్టింది.

* * *

శనివారం పదిన్నరకి కూడా సంచి ఆ గడప దగ్గరే ఉంది.

"విప్పి చూడనా అమ్మా?" అంది టీచరమ్మ.

"వద్దు," అక్క సంచిమీద చెయ్యి వేసింది. "విప్పితే వాడు ప్రయాణం మానుకున్నట్టు. మానుకోలేదు. ఆలస్యమైంది, అంతే."

టీచరమ్మ బలవంతం చేయలేదు. ముప్ఫై ఏళ్ళు బడిలో రసాయనశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక టైలరు దుకాణం పైగదిలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి ఆమె. తప్పిపోయినవాళ్ళ కేసులు తప్ప వేరేవి తీసుకోదు. అక్క పిలిస్తే నిన్నటినుంచి ప్లాంటు ఫైళ్ళూ మిషన్లూ చూస్తూ, వాకబు చేస్తూ తిరుగుతోంది. ఎదుటివాళ్ళు ఎప్పుడు మాట్లాడలేరో ఆమెకి తెలుసు. పైగా ఈ తమ్ముడు ఆమె దగ్గర పదో తరగతి చదివాడు, ఆఖరి బెంచీ. గాజు గొట్టంలో నీటిమట్టం చూసేటప్పుడు పైనుంచి కాదు, వంగి కంటి ఎత్తులో చూడాలని అతనికి నేర్పింది ఆమే.

"చప్పుడు ఆగినప్పుడు టైమెంత?"

"చూడలేదు. మొదలైనప్పుడు మాత్రం తెలుసు. వార్తలు మొదలయ్యాయి."

"ఈ మాట పోలీసులకి చెప్పావా?"

"చెప్పబోయాను. ఆ ఇన్‌స్పెక్టరు 'మిషన్ సంగతి ఎవడిక్కావాలమ్మా, మీ తమ్ముడెక్కడో చెప్పు' అన్నాడు."

టీచరమ్మ చేతిసంచిలోంచి చిన్న పుస్తకం తీసి ఒక్క ముక్క రాసుకుంది. లేచి కంచె దాటింది.

* * *

ప్లాంటు పెద్దదేమీ కాదు. ఊరి మురుగంతా ఒక కాలువలో వచ్చి ఇనుప జల్లెడ దాటుతుంది. గుడ్డపీలికలూ ప్లాస్టిక్కూ అక్కడ ఆగిపోతాయి. తర్వాత పదిహేనడుగుల లోతు సిమెంటు ట్యాంకు. దాని అడుగునుంచి బ్లోయర్ అనే మిషన్ గాలి ఊదుతుంది. ఆ గాలి పీల్చి బతికే కంటికి కనపడని సూక్ష్మజీవులు మురుగుని తినేస్తాయి. ఆ పక్కన ఇంకో ట్యాంకులో మడ్డి కిందకి దిగి, పైన తేరిన నీళ్ళు నదిలోకి వెళ్తాయి. నదికి దిగువనున్న మూడు ఊళ్ళు ఆ నీళ్ళే తాగుతాయి.

"నా కింద కోట్లమంది కూలీలున్నారు టీచర్," అన్నాడు ఇక్కడి ఆపరేటరైన ఆ తమ్ముడు ఒకసారి బజార్లో కనపడి. "జీతం అడగరు. గాలి అడుగుతారు. గాలి ఆపానా, మూడూళ్ళవాళ్ళు చచ్చారే."

మంగళవారం ఆ కూలీల్లో చాలామంది చచ్చిపోయారు. మధ్యాహ్నానికి నదిలో చేపలు వెల్లకిలా తేలాయి. ఆపరేటరు మిషన్ ఆపేసి నిద్రపోయాడని కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజరు ఊళ్ళవాళ్ళకి చెప్పాడు. గురువారం ఆపరేటరు మాయమయ్యాడు. శుక్రవారానికి 'పరారీ' అని పోలీసులు కాగితం మీద రాసేశారు. ఇప్పుడు మూడూళ్ళవాళ్ళు గేటు బయట నిలబడి ఉన్నారు. వాళ్ళ దృష్టిలో అతను నీళ్ళలో విషం కలిపి పారిపోయినవాడు. శనివారం సాయంత్రంలోగా వేరే సంగతి తేలకపోతే, ఆ అక్క ఆ క్వార్టర్లోనే కాదు, ఆ చుట్టుపక్కల ఎక్కడా ఉండలేదు.

ల్యాబు గదిలో ఇన్‌స్పెక్టరు కుర్చీ వెనక్కి వాల్చి కూర్చుని ఉన్నాడు. కిటికీ దగ్గర సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. కుడి చెవిలో దూది.

"రండి రండి టీచరమ్మగారూ! హాజరు పట్టీ తెచ్చారా? మీ విద్యార్థి ఆబ్సెంటు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆబ్సెంటు వేసే ముందు క్లాసంతా ఓసారి వెతుకుతాం ఇన్‌స్పెక్టరుగారూ. మీరు వెతికారా?"

"వెతక్కపోవడమేంటి! ఎనిమిదీ పది బస్సు కండక్టరు చెప్పాడు. తల తడిసిన మనిషి ఒకడు ముఖానికి తువ్వాలు చుట్టుకుని ప్లాంటు స్టాపులో ఎక్కాడట. పట్నంలో దిగాడట. ఇంకేం కావాలి?"

"సంచి?"

"చేతులూపుకుంటూ ఎక్కాడు."

"రెండు రోజుల ప్రయాణానికి సర్దుకున్న సంచి గడపలో వదిలేసి, చేతులూపుకుంటూ ఎక్కాడా?"

"పరారీ అయ్యేవాడు ఇస్త్రీ బట్టలు చూసుకుంటాడేంటండీ!"

"కండక్టరుతో నేనూ మాట్లాడాను. ఇంకో మాట కూడా చెప్పాడు. మీరు రాసుకోలేదేమో. ఆ మనిషి దగ్గర వాసన భరించలేక ముందు సీట్లవాళ్ళు లేచి వెనక్కి పోయారట. స్నానం చేసి ప్రయాణమైనవాడు అలా కంపు కొట్టడు."

ఇన్‌స్పెక్టరు కుర్చీ ముందుకి వాలింది. "మురుగు ప్లాంటులో పనిచేసేవాడు అత్తరు వాసన వస్తాడా మరి?"

కానిస్టేబులు ఒకడు నవ్వాడు. టీచరమ్మ కూడా నవ్వింది. ఆమె కళ్ళు మాత్రం కిటికీ గట్టుమీద ఆగిపోయాయి.

అక్కడ లీటరు పట్టే గాజు గొట్టం ఒకటి ఉంది, గీతలు వేసినది. అందులో మురికి నీళ్ళు అలాగే ఉన్నాయి. పైన మడ్డి తెట్టు కట్టి, ఎండి, గాజుకి అంటుకుపోయింది.

"ఇదెవరు కడగాలి?"

"వాడే," అన్నాడు సూపర్‌వైజరు. గొంతు బొంగురుగా ఉంది. "రోజూ ఏడింటికి ట్యాంకు నీళ్ళు పట్టి పెడతాడు. మడ్డి ఎంతవరకూ దిగిందో అరగంట చూసి రాస్తాడు."

"ఐదేసి నిమిషాలకోసారి రాస్తాడు. తర్వాత కడిగి బోర్లిస్తాడు. పదకొండేళ్ళలో ఒక్కరోజు కూడా కడక్కుండా వదల్లేదని వాళ్ళక్క చెప్పింది. గురువారం ఎందుకు వదిలేశాడు?"

"పారిపోయే కంగారులో ఉన్నాడు కదా మేడమ్."

"కంగారులో ఉన్నవాడు ఏడున్నర రీడింగు రాసి మరీ పారిపోయాడా?"

ఆమె బల్లమీది లాగ్‌బుక్కు ఇన్‌స్పెక్టరు ముందుకి జరిపింది. రోజుకో పేజీ. గురువారం పేజీ తెరిచింది.

"చదవండి."

"నన్నా?"

"మీరే కదా కేసు రాసింది. చదవండి."

ఇన్‌స్పెక్టరు విసుగ్గా చదివాడు. "ఏడూ ఐదు, తొమ్మిది వందల ఇరవై. ఏడూ పది, ఎనిమిది వందల తొంభై. ఏడుంబావు, ఎనిమిది వందల డెబ్భై. తర్వాత రెండు గడులు ఖాళీ. ఏడున్నర, రెండు వందల యాభై. అయితే ఏంటి?"

"లీటరు గొట్టంలో మడ్డి పదిహేను నిమిషాలకి నూట ముప్ఫై గీతలే దిగింది. మంగళవారం కూలీలు చచ్చారు కాబట్టి దిగదు. అలాంటిది, తర్వాతి పదిహేను నిమిషాల్లో ఒక్కసారిగా ఆరు వందల ఇరవై గీతలు దిగిందా? ఇది బావిలో వేసిన బండరాయి కాదు ఇన్‌స్పెక్టరుగారూ. గొట్టం మీ ఎదురుగానే ఉంది."

"రాతలో పొరపాటు పడి ఉంటాడు."

"పెన్ను మారింది. అంకెలు మారాయి. చివరి ఐదుకి తోక చూడండి." ఆమె సంచిలోంచి మడిచిన కాగితాలు తీసింది. "ఇవి కంపెనీ నుంచి కాలుష్య నియంత్రణ బోర్డుకి వెళ్ళిన రిపోర్టులు. సూపర్‌వైజరుగారి చేతిరాత. మూడేళ్ళు. వానాకాలం, ఎండాకాలం, మిషన్ రిపేరులో ఉన్న రోజు, చేపలు చచ్చిన మంగళవారం. అన్ని రోజులూ రెండు వందల యాభై. ఆఫీసులో కూర్చుని నింపేవాళ్ళ చెయ్యి అలవాటు పడిపోతుంది. కంగారులో కూడా అదే అంకె వస్తుంది. కదండీ?"

సూపర్‌వైజరు దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.

"రిపోర్టుకి... సరిగ్గా ఉండాలని పేజీ పూర్తి చేశాను. పదింటికి వచ్చాక. అది నేరమా?"

"పదింటికి. అంతకుముందు ఎక్కడున్నారు?"

"పట్నంలో. ఇంట్లో."

"మీ ఫోను కొత్తదనుకుంటా."

"పాతది పాడైంది."

"చెప్పులూ కొత్తవే. చెవిలో దూదెందుకు?"

"జలుబు."

"జలుబుకి రెండు చెవులూ దిబ్బడేస్తాయి. మురికినీళ్ళు పోతే ఒక చెవికి చీము పడుతుంది."

"ఏంటి మేడమ్ మీ దబాయింపు?" సూపర్‌వైజరు ఇన్‌స్పెక్టరువైపు తిరిగాడు. "సార్, ఈవిడకి నన్నడిగే అధికారం ఉందా?"

"లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతని చూపు మాత్రం ఆ దూది మీదినుంచి కదల్లేదు. "టీచరమ్మగారూ, ఒక్క అంకె పట్టుకుని పెద్దమనిషిని నిలబెట్టి అడగడం చాలు. ఇంకేమైనా ఉంటే చూపించండి. లేకపోతే బయట మూడూళ్ళ జనాన్ని నేను చూసుకోవాలి."

"ఉంది. మిషన్ గదిలో."

* * *

బ్లోయర్ గదిలో మాట వినపడాలంటే అరవాలి. ప్యానెల్ మీద అరచేతి అంత మీటరు. మిషన్ ఎన్ని గంటలు నడిచిందో అది లెక్క కడుతుంది. మిషన్ ఆగితే అదీ ఆగుతుంది. రోజూ ఏడింటికి ఆ అంకె లాగ్‌బుక్కులో ఎక్కించడం ఆపరేటరు అలవాటు.

"గురువారం ఏడింటికి అతను రాసింది పద్దెనిమిది వేల నాలుగు వందల పన్నెండు పాయింటు నాలుగు," అరిచింది టీచరమ్మ. "ఇప్పుడు శనివారం పదకొండు. ఎన్ని గంటలైంది?"

"యాభై రెండు!"

"మీటరు చూడండి!"

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. పద్దెనిమిది వేల నాలుగు వందల అరవై నాలుగు పాయింటు రెండు. పెదవులు కదుపుతూ తీసివేశాడు. మళ్ళీ తీసివేశాడు.

"యాభై ఒకటి పాయింటు ఎనిమిది."

"సున్నా పాయింటు రెండు ఎక్కడికి పోయింది? గంటలో ఐదోవంతు. పన్నెండు నిమిషాలు!"

"కరెంటు పోయి ఉంటుంది!"

"సబ్‌స్టేషన్లో అడిగాను. గురువారం నుంచి ఒక్క నిమిషం కూడా పోలేదు. వాళ్ళక్క ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఏడున్నర వార్తలప్పుడు మిషన్ మళ్ళీ మొదలైంది. పన్నెండు వెనక్కి లెక్కేయండి. ఏడూ పద్దెనిమిది. ఏడుంబావుకి రీడింగు రాసినవాడు ఏడూ ఇరవైకి రాయలేదు. ఆ మధ్యలో ఎవరో మిషన్ ఆపారు. ఎందుకాపారు?"

ఆమె బయటికి దారితీసింది. ట్యాంకు మీద ఇనుప నడవ. నడవ మధ్యలో స్తంభానికి అరచేతి వెడల్పు ఎర్ర గుండీ, మిషన్ ఆపే బటను. దానిపైన రేకు బోర్డు, ఆపరేటరు సొంత చేత్తో రాసినది:

ఎవరైనా ట్యాంకులో పడితే ముందు గాలి ఆపు. ఆపకుండా దూకకు.

"ఈ నీళ్ళు చూశారా, సగం గాలే. నురుగులాంటివి. ఎంత ఈతగాడైనా తేలలేడు. రాయిలా దిగిపోతాడు. గాలి ఆపితేనే నీళ్ళు మామూలు నీళ్ళవుతాయి. మనిషి తేలతాడు. ఈ ఎర్ర గుండీ ఎవరికీ వేరే పనికి అక్కర్లేదు. తుడవడానికీ రిపేరుకీ లోపల ప్యానెల్లోనే ఆపుతారు. ఇది నొక్కారంటే ఒక్కటే అర్థం."

"ఎవరో పడ్డారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా.

"గుండీ చుట్టూ చూడండి. పెన్ను సిరా. ఎడమచేతి వేలి ముద్ర. లాగ్‌బుక్కు రాస్తూ రాస్తూ పరిగెత్తుకొచ్చిన మనిషి నొక్కాడు. మీ 'పరారీ' మనిషి ఎడంచేతి వాటం. ట్యాంకులో పడ్డది అతను కాదు ఇన్‌స్పెక్టరుగారూ. కాపాడినవాడు అతను."

పక్కనే రక్షణ ట్యూబు తిరగేసి వేలాడుతోంది. దాని తాడు సగం మేర నల్లటి మడ్డి ఎండి బిరుసెక్కింది. ట్యాంకు గోడ నీళ్ళమీద మూడడుగులు. దిగడానికీ ఎక్కడానికీ నిచ్చెన లేదు.

"నిచ్చెన పెట్టించమని మూడు అర్జీలున్నాయి ఫైల్లో," అందామె. "మూడింటిమీదా ఒకే సంతకం. 'అవసరం లేదు'. ఆ సంతకం పెట్టినాయనే గురువారం ఇందులో పడ్డాడు. తల తడిసి, కంపు కొడుతూ, ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఎనిమిదీ పది బస్సెక్కాడు."

సూపర్‌వైజరు నడవ మొదట్లోనే ఆగిపోయాడు. కడ్డీ పట్టుకున్నాడు గానీ నడవ మీదికి అడుగు పెట్టలేదు.

"రావయ్యా ఇలా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నాకు... ఇక్కడే బావుంది సార్."

"మూడేళ్ళుగా తిరిగిన నడవేగా. ఇవాళ భయమెందుకు?"

అతను రాలేదు.

టీచరమ్మ ఇన్‌స్పెక్టరుతో మెల్లిగా అంది. "గుండీ నొక్కండి."

"కుదరదు." అతని గొంతులో వెటకారం పోయింది. "మిషన్ ఆగిందని గేటు బయట వినిపిస్తే జనం లోపలికొస్తారు. మళ్ళీ నదిలోకి మురుగు వదిలారంటారు. నా దగ్గర నలుగురే ఉన్నారు."

"నదిలోకి పోయే తలుపు దించేయండి. అరగంట గాలి ఆగితే కూలీలు తట్టుకుంటారు. రెండు గంటలైతే తట్టుకోలేరు. మనకి అరగంట చాలు."

"ఏమీ కనపడకపోతే?"

"మీరు గెలిచినట్టు. నా ఆఫీసు బోర్డు పీకేస్తాను."

"బోర్డు నాకెందుకు మేడమ్..." ఇన్‌స్పెక్టరు టోపీ తీశాడు. నుదురు తుడుచుకున్నాడు. కానిస్టేబుళ్ళలో ఒకణ్ణి తలుపు దించమన్నాడు, మిగతావాళ్ళని గేటుకి పంపాడు. తనే నడవ మధ్యకి వెళ్ళి, సిరా మరక చెరగకుండా రుమాలు అడ్డం పెట్టి, ఎర్ర గుండీ నొక్కాడు.

హోరు ఆగింది.

నురుగు మెల్లిగా చిట్లింది. సుడులు ఆగాయి. గోధుమరంగు నీళ్ళు తేరుకోవడం మొదలైంది. గేటు బయట కేకలు కూడా ఒక్క క్షణం ఆగాయి. ఐదు నిమిషాలు. ఎనిమిది. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటున్నాడు, టీచరమ్మ నీళ్ళు చూస్తోంది.

"ఇంకో సంగతి," అందామె, తల తిప్పకుండా. "ఆ ఎర్ర గుండీ నొక్కితే లోపలే ఉండిపోతుంది. దాన్ని తిప్పి పైకి లాగితే తప్ప, ప్యానెల్లో మిషన్ వేసే పచ్చ గుండీ పనిచేయదు. పొరపాటున చెయ్యి తగిలితే మిషన్ మొదలు కాదు. ఇక్కడ తిప్పి లాగాలి. ఇరవై ఆరు అడుగులు నడవాలి. అక్కడ పచ్చ గుండీ నొక్కాలి. ఆ ఇరవై ఆరు అడుగులూ ఆలోచించుకోవడానికి చాలా టైము."

కంచె దగ్గర అలికిడైంది. అక్క వస్తోంది. చెప్పులు కూడా లేవు. రెండు చేతులా ఆ సంచి గుండెకి హత్తుకుని పరుగు లాంటి నడకతో వస్తోంది.

"వచ్చాడా? చప్పుడాగింది... వాడే ఆపాడా? వచ్చాడా టీచరమ్మా?"

టీచరమ్మ ఎదురెళ్ళి ఆమె భుజాలు పట్టుకుంది. ట్యాంకు వైపు వీపు పెట్టించాలని చూసింది. కుదరలేదు. పదకొండో నిమిషంలో, మూలనున్న పైపు పక్కన, నీలిరంగు చొక్కా వీపు పైకి వచ్చింది.

కానిస్టేబులు ఒకడు "అయ్యో" అన్నాడు. అక్క సంచిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఇన్‌స్పెక్టరు సూపర్‌వైజరు దగ్గరికి నడిచాడు. అరవలేదు, చెయ్యి ఎత్తలేదు.

"చెప్పు."

"సీసా ఇమ్మని అడగడానికొచ్చాను సార్." సూపర్‌వైజరు కింద కూలబడిపోయాడు. "మంగళవారం తెల్లారి ట్యాంకరు వచ్చింది. ఫ్యాక్టరీ నీళ్ళు. ఊరి మురుగు కాలువలో పోయించింది నేనే. వాడు అందులోంచి సీసాలో పట్టి దాచాడు. గురువారం బోర్డుకి తీసుకుపోతానన్నాడు. ల్యాబులో లేదు. నడవమీద పనిముట్ల పెట్టె ఉంటుంది కదా, అందులో దాచాడేమోనని ఎక్కాను. కాలు జారింది."

"తర్వాత?"

"గాలి ఆగింది. తేలాను. వాడు ట్యూబు విసిరాడు. నాకు అందలేదు. వాడే దూకాడు. 'నా భుజాలమీద కాళ్ళు పెట్టి ఎక్కండి సార్' అన్నాడు. ఎక్కాను."

"వాణ్ణి ఎందుకు లాగలేదు?"

సూపర్‌వైజరు అక్కవైపు చూడలేకపోయాడు.

"తాడు నా చేతిలోనే ఉంది సార్. లాగితే బోర్డుకి పోతాడు. సీసా ఇచ్చేయమన్నాను. ఇవ్వనన్నాడు. అలా చాలాసేపు అడిగాను. వాడికి చేతులు తిమ్మిరెక్కాయి. 'తాడు లాగండి సార్, బస్సుకి టైమవుతోంది' అన్నాడు."

"అప్పుడు?"

"ఎర్ర గుండీ తిప్పాను. వెళ్ళి పచ్చది నొక్కాను."

ఇన్‌స్పెక్టరు తన జేబులోంచి 'పరారీ' అని రాసిన కాగితం తీసి నాలుగు మడతలు పెట్టాడు. "నేను వెతకలేదు," అన్నాడు టీచరమ్మతో. సూపర్‌వైజరు రెక్క పట్టుకుని లేపాడు.

ఆపరేటర్ని తీసి నడవమీద పడుకోబెట్టాక అక్క కింద కూర్చుంది. సంచి జిప్పు లాగింది. తువ్వాలు తీసి అతని ముఖం తుడిచింది. దువ్వెన తీసింది, మళ్ళీ లోపల పెట్టేసింది. అడుగునుంచి గుడ్డ చుట్టిన సీసా తీసి టీచరమ్మకిచ్చింది.

"ఎవరడిగినా లేదనమన్నాడు. మీరు అడగలేదు. అందుకే ఇస్తున్నా."

మూతమీద కాగితం అతికించి ఉంది. ఆ పొందికైన చేతిరాత టీచరమ్మకి పరీక్షపేపర్లనాటి నుంచీ తెలుసు. మంగళవారం, ఐదూ నలభై, లోపలికొచ్చే కాలువ, ఆమ్లం కలిపాను. లోహాల విషానికి అలా ఆమ్లం కలిపి పెడితే ఆరు నెలలైనా సాక్ష్యం చెడదు. అది కూడా ఆమె నేర్పిందే. ఆమె సీసాని కంటి ఎత్తుకి పట్టుకుని చూసింది.

"అయ్యా," అంది అక్క, ఇన్‌స్పెక్టరు వైపు తలెత్తి. "అరగంట కావస్తోంది. ఆ మిషన్ వేయండి. మిగిలినవాళ్ళయినా బతకాలి, వాడి కూలీలు."

ఇన్‌స్పెక్టరు ఎర్ర గుండీ తిప్పి పైకి లాగాడు. ఇరవై ఆరు అడుగులు నడిచి పచ్చ గుండీ నొక్కాడు. హోరు అందుకుంది. టీచరమ్మ ల్యాబులోకి వెళ్ళి, మడ్డి గొట్టం ఫోటో తీయించి, సాక్ష్యంగా రాయించి, ఇంకో గొట్టంలో ట్యాంకు నీళ్ళు పట్టి కిటికీ గట్టుమీద పెట్టింది. లాగ్‌బుక్కులో శనివారం పేజీ తెరిచి టైము వేసింది. ఐదు నిమిషాలు ఆగి, వంగి, కంటి ఎత్తులో చూసి అంకె రాసింది. గురువారం పేజీలో ఖాళీగా ఉన్న రెండు గడులూ అలాగే వదిలేసింది.

గురువారం ఉదయం ఏడింటికి, ఏడున్నర రీడింగు చూసి వచ్చేస్తానని చెప్పి గడప దాటిన తమ్ముడు మళ్ళీ ఇంటికి రాలేదు.